వంటగదిలో నిప్పు, దర్గాలో వాన: ‘ఫైర్’ సినిమా ముగింపు గురించి

సభకు నమస్కారం.

ఇప్పుడే సినిమా చూసి కూర్చున్న మీకు కథంతా మళ్లీ చెప్పి విసిగించను. నేను మాట్లాడదలచుకున్నది చివరి ఘట్టం గురించి మాత్రమే. అయితే ఆ ఘట్టంలో కనిపించే ప్రతి వస్తువుకూ వెనకాల ఒక చరిత్ర ఉంది కనుక, అక్కడిదాకా మనల్ని తీసుకొచ్చిన సంగతులను కొద్దిగా తలచుకోక తప్పదు.

దీపా మెహతా తీసిన ‘ఫైర్’ 1996లో విదేశీ చిత్రోత్సవాలలో కనిపించి, మన దేశంలో థియేటర్లకు వచ్చేసరికి 1998 నవంబరు అయింది. ఢిల్లీలో ఒక మధ్యతరగతి ఉమ్మడి కుటుంబం వండిన భోజనం పొట్లాలు కట్టి అమ్ముకుంటూ, దాంతోపాటు వీడియో క్యాసెట్లు అద్దెకిస్తూ బతుకుతుంటుంది. పెద్దకొడుకు అశోక్ ఒక స్వామీజీకి శిష్యుడై, కోరికను జయించాలనే పట్టుదలతో పదమూడేళ్లుగా బ్రహ్మచర్యం పాటిస్తున్నాడు. అతని భార్య రాధకు పిల్లలు పుట్టరని వైద్యులు తేల్చారు. చిన్నకొడుకు జతిన్ మనసు వేరొక స్త్రీ మీద ఉన్నా, ఇంట్లోవాళ్ల పోరు పడలేక సీతను పెళ్లి చేసుకున్నాడు. పక్షవాతంతో మాట పడిపోయిన అత్తగారు బీజీ, గంట మోగించి ఇంటిని నడుపుతుంటుంది. ఈ ఇంట్లో తోడికోడళ్లు ఇద్దరూ ఒకరినొకరు ప్రేమించుకుంటారు. పనివాడు ముండు ఆ సంగతి అశోక్‌కు చేరవేస్తాడు. అశోక్ తన కళ్లతో చూస్తాడు. సీత ముందు ఇల్లు వదిలి వెళుతుంది. భర్తతో మాట్లాడకుండా వెళ్లడం సరికాదని రాధ ఆగుతుంది. ఆ మాటల మధ్యే, వంటగదిలో, పొయ్యి మంట ఆమె చీరకు అంటుకుంటుంది. అశోక్ భార్య వైపు రాడు. తల్లిని ఎత్తుకుని బయటికి నడుస్తాడు. తరువాత మనం చూసేది నిజాముద్దీన్ దర్గా, జోరువాన, ఎదురుచూస్తున్న సీత, ఆమెను చేరుకున్న రాధ.

ఈ ముగింపుకు అందరూ చెప్పే అర్థం ఒకటుంది. రామాయణంలో సీత నిప్పుల్లోంచి నిష్కళంకంగా బయటికి వచ్చింది, ఇక్కడ రాధ కూడా వచ్చింది, కనుక ఈ ఇద్దరి ప్రేమ పవిత్రమైనదని దర్శకురాలు చెబుతున్నారు అన్నది ఆ వ్యాఖ్యానం. సినిమాను మెచ్చుకున్నవాళ్లు చాలామంది ఇదే రాశారు, తిట్టినవాళ్లు కూడా ఇలాగే అర్థం చేసుకుని తిట్టారు. నాకు ఈ వ్యాఖ్యానం మీద గట్టి అభ్యంతరం ఉంది. రాధ నిప్పులో నెగ్గింది కనుక పవిత్రురాలు అన్నామంటే, స్త్రీ పవిత్రతను నిర్ణయించే అధికారం నిప్పుకు ఉందని ఒప్పుకున్నట్టే కదా. ఆమె బయటపడలేక కాలిపోయి ఉంటే అప్పుడు ఏమనేవాళ్లం? పరీక్షను అలాగే ఉంచి ఫలితాన్ని మాత్రం మనకు అనుకూలంగా రాసుకోవడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. దర్శకురాలు చేసింది అంతకంటే చాలా మొండి పని అని నా నమ్మకం. పరీక్షకు కావలసిన సామగ్రినంతా అక్కడ పేర్చి, దాని లక్షణాలను ఒక్కొక్కటిగా ఊడబెరికారు.

వాల్మీకి యుద్ధకాండను గుర్తు చేసుకోండి. రాముడి పరుషవాక్యాలు విన్న సీత తానే లక్ష్మణుడితో చితి పేర్చమంటుంది. వానరులూ రాక్షసులూ చుట్టూ నిలబడి ఉంటారు, దేవతలు దిగి వస్తారు. అగ్నిదేవుడు స్వయంగా ఆమెను ఎత్తుకుని పైకి వచ్చి, ఈమెలో ఏ పాపమూ లేదని సాక్ష్యం చెప్పి రాముడికి అప్పగిస్తాడు. ఆమె శీలం తనకు తెలుసుననీ, లోకులకు నమ్మకం కలగడం కోసమే ఇదంతా అనీ రాముడు అంటాడు. అంటే ఆ ఘట్టం నిలబడాలంటే నాలుగు ఉండాలి. స్త్రీ తానుగా నిప్పులోకి నడవాలి, చూడటానికి లోకం ఉండాలి, సాక్ష్యం చెప్పే అగ్ని ఉండాలి, చివరికి ఆమె భర్త దగ్గరికి చేరాలి. ‘ఫైర్’ వంటగదిలో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు. నిప్పు ప్రమాదవశాత్తు అంటుకుంది. చూడవలసిన లోకం ఒక భర్త, మాట పడిపోయిన ఒక అత్తగారు. ఆ ఉన్న ఇద్దరూ ఘట్టం మధ్యలోనే వెళ్లిపోయారు. నిప్పు ఎవరికీ ఏమీ చెప్పలేదు. బయటికి వచ్చిన రాధ భర్త దగ్గరికి కాక సీత దగ్గరికి వెళ్లింది.

ఇక్కడ పేర్ల సంగతి కూడా చూడాలి. నిప్పు అంటుకున్నది సీతకు కాదు, రాధకు. మన సాహిత్యం తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయంగా తోచదు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనం’లో రాధ అలిగే స్త్రీ, శాసించే స్త్రీ, కృష్ణుడి చేత బతిమిలాడించుకునే స్త్రీ. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పూర్తిపాఠంతో అచ్చు వేయిస్తే, ఆ మరుసటి ఏడాది ఆంగ్ల ప్రభుత్వం దాన్ని నిషేధించింది. స్త్రీ తన కోరికను తన నోటితో చెప్పడం అప్పుడూ ఎవరికో ఇబ్బందే. అలాంటి రాధ పేరు పెట్టుకున్న మనిషి ఈ సినిమాలో పదమూడేళ్లుగా ఏ కోరికా లేకుండా వంటచేసి, అత్తగారికి ఒంటికి పౌడరు రాసి, భర్త చెప్పినప్పుడు వచ్చి పడుకుని, చెప్పినప్పుడు లేచి వెళుతుంటుంది. సీత పేరు పెట్టుకున్న మనిషేమో జీన్స్ తొడుక్కుని అద్దం ముందు నాట్యం చేస్తుంది, ఉపవాసం ఎందుకుండాలని అడుగుతుంది, మొదటి ముద్దు తానే పెడుతుంది. ఒకరి పేరులోని కథ మరొకరి ఒంట్లోకి వెళ్లింది. సీత దగ్గర కోరిక అంటే ఏమిటో నేర్చుకున్న రాధ, చివరికి సీత మోయవలసిన నిప్పును కూడా తన ఒంటి మీద మోసింది. ఈ మార్పిడి కనబడకపోతే ముగింపులో సగం పోతుంది. హిందీ పాఠంలో సీత పేరును నీతగా మార్చాలని సెన్సారు బోర్డు షరతు పెట్టింది. ఒక్క పేరేగా అనిపించవచ్చు. కానీ ఆ పేరు తీసేశాక, వంటగదిలో జరిగింది ఒక అగ్నిప్రమాదంగా మాత్రమే మిగులుతుంది.

అయినా అగ్నిప్రమాదం అనే మాట కూడా అంత అమాయకమైనది కాదు. 1980లలో వార్తాపత్రికలు చదివిన తెలుగువాళ్లకు స్టౌ పేలి కోడలు మృతి అన్న శీర్షిక ఎన్నిసార్లు చూశారో లెక్క ఉండదు. ఢిల్లీలోనూ అంతే. మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చి పోరాడాక 1983లో భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం గురించి 498ఏ సెక్షనూ, 1986లో వరకట్న మరణాల గురించి 304బీ సెక్షనూ శిక్షాస్మృతిలోకి వచ్చాయి. కోడలి చీరకు నిప్పంటుకోవడం, ఇంట్లోవాళ్లు దూరంగా నిలబడటం, పోలీసు కాగితాల్లో ప్రమాదం అని రాయడం, ఈ మూడూ 1996 నాటి ప్రేక్షకుడికి రామాయణం కంటే దగ్గరి విషయాలు. అందుకే ఆ ఒక్క దృశ్యంలో పురాణం, పత్రికా వార్త ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయంటాను. రాధ బతికి బయటపడటం పురాణం వైపునుంచి చూస్తే పవిత్రతకు రుజువు, వార్త వైపునుంచి చూస్తే కేవలం చావు తప్పించుకోవడం. నేను రెండోదాని వైపే మొగ్గుతాను.

ఇప్పుడు అశోక్ దగ్గరికి వద్దాం. నా దృష్టిలో ఈ ముగింపుకు తాళంచెవి అతనే.

అతన్ని దుర్మార్గుడిగా చూస్తే పని తేలికవుతుంది, అర్థం మాత్రం చేజారుతుంది. అతను తాగడు, కొట్టడు, తమ్ముడిలా వేరే స్త్రీ వెంట పోడు. తల్లిని ఎంతో శ్రద్ధగా చూసుకుంటాడు. గురువు మాట జవదాటడు. మన ఇళ్లలో పెద్దలు బుద్ధిమంతుడు అని మెచ్చుకునే మనిషికి ఉండవలసిన లక్షణాలన్నీ అతనిలో ఉన్నాయి. అతని బ్రహ్మచర్యపు పద్ధతి ఏమిటో మీరు చూశారు: భార్యను పిలిచి తాకకుండా పక్కన పడుకోబెట్టుకుని, తన మనసు చలించిందా లేదా అని చూసుకుంటాడు. చలించకపోతే నెగ్గినట్టు. అక్కడ పరీక్షకు నిలబడేది అతను. మరి నిప్పు ఎవరు? రాధ. పదమూడేళ్లపాటు ఒక సజీవమైన స్త్రీని తన నిగ్రహానికి గీటురాయిగా, తన అగ్నిపరీక్షకు అగ్నిగా వాడుకున్నాడు. నిప్పుకు ఏమనిపిస్తుందని ఎవరూ అడగరు గనుక, అతనికీ అడగాలని తోచలేదు.

ఇలా చూసినప్పుడు చివరి దృశ్యం ఆశ్చర్యకరంగా స్పష్టమవుతుంది. అన్నేళ్లు రూపకంగా ఉన్న నిప్పు ఇప్పుడు నిజంగా అంటుకుంది. కోరిక లేకుండా బతకడమంటే తనకు చచ్చిపోవడమేననీ, తనకు బతకాలని ఉందనీ, సీత కావాలనీ రాధ అంతకుముందే అతని మొహం మీద చెప్పింది. కాళ్లకు మొక్కమని గద్దించిన అతను, ఆ తరువాత తన వ్రతాన్నీ మరచి ఆమెను లాక్కున్నాడు, ఆమె ఒప్పుకోలేదు. పదమూడేళ్లలో మొదటిసారి పరీక్షలో ఓడినవాడు అతను, ఓడించింది ఆమె నిరాకరణ. సరిగ్గా ఆ తరువాతే చీర అంటుకుంటుంది, ఆ మనిషి మళ్లీ తన పాత విద్యకు వెళ్లిపోతాడు. చలించడు. తల్లిని ఎత్తుకుంటాడు. పక్షవాతం వచ్చిన ముసలితల్లిని మంటల దగ్గరినుంచి తీసుకుపోవడం తప్పని ఏ పంచాయతీలోనూ ఎవరూ అనరు, పైగా శ్రవణకుమారుడని పొగుడుతారు. అతని వైరాగ్యమూ మాతృభక్తీ కలిసి ఒక మనిషిని మంటల్లో వదిలేయడానికి చక్కని సాకు అయ్యాయి. కోపంతో తోసేసి ఉంటే అది నేరం అయ్యేది. ఇతను పుణ్యం చేస్తూ వదిలేశాడు. సినిమాలో నన్ను అన్నిటికంటే భయపెట్టిన దృశ్యం ఇదే. రాధ వ్యవహారం తెలిశాక ఆమె మొహం మీద ఉమ్మివేసిన ఆ తల్లినే కొడుకు మోసుకుపోవడం కూడా యాదృచ్ఛికం అనుకోను. ఇల్లు తనను తాను ఎత్తుకుని బయటికి వెళ్లింది. కోడలు ఇంటి మనిషి కాదని తేలింది.

ఇక్కడ ఒక మాట అనాలి. నిప్పు ప్రమాదంగా రావడం నాకు పూర్తిగా నచ్చలేదు. వెళ్లిపోవాలని అప్పటికే నిశ్చయించుకున్న రాధకు ఈ మంట ఎందుకు? చలం ‘సీత అగ్నిప్రవేశం’లో సీత రాముణ్ణి నిలదీసి, నిరాకరించి, తన ఇష్టంతో రావణుడి చితిలోకి దూకుతుంది. అది చావే అయినా ఆమె నిర్ణయం. ‘ఫైర్’లో రాధ నిర్ణయం ఒకటి, జరిగింది మరొకటి. ఇద్దరు స్త్రీలు సుఖపడాలంటే ముందు కొంత కాలాలి అనే పాత లెక్క దర్శకురాలి చేతిలోకి కూడా వచ్చిందేమోనని అనుమానం. భర్తలు మంచివాళ్లయితే ఈ ప్రేమే పుట్టేది కాదన్నట్టు కథ నడిచిందని కొందరు స్త్రీవాదులు చేసిన విమర్శలో కూడా నిజముంది. రాధకు సీత నచ్చడానికి అశోక్ బ్రహ్మచర్యం అంత అవసరమై ఉండకూడదు. అయినా ఆ లోపాన్ని చాలావరకు రాధగా నటించిన షబానా ఆజ్మీ ముఖం కప్పేసిందంటే, ఆమె మన హైదరాబాదులో పుట్టిందన్న అభిమానంతో అంటున్నానని అనుకోవద్దు.

ఆ మంటల దగ్గరే సినిమా తన మొదటి దృశ్యానికి వెళుతుంది. పసుపుపచ్చని ఆవచేలో తల్లిదండ్రులతో కూర్చున్న చిన్నారి రాధ మీకు గుర్తుండే ఉంటుంది. కొండల్లో బతుకుతూ సముద్రాన్ని ఎన్నడూ చూడనివాళ్లు ఉండేవారనీ, వాళ్లు దాని కోసం బెంగపెట్టుకున్నారనీ, కళ్లు సారించి వెతక్కుండానే దాన్ని చూడవచ్చునని ఒక ముసలామె వాళ్లకు చెప్పిందనీ తల్లి కథ చెబుతుంది. ఆ పిల్లకు అప్పుడు ఏమీ కనిపించలేదు. చివర్లో కనిపించింది. దీన్ని అందమైన కవిత్వంగా వదిలేయకుండా, ఆ ఇంట్లో ఎవరెవరు ఎలా చూస్తారో పోల్చి చూడండి. ముండు దొంగచాటుగా చూస్తాడు, నీలిచిత్రాలు చూస్తాడు. మాట లేని బీజీకి చూపే ఆయుధం. స్వామీజీ సన్నిధిలో అశోక్ రెప్పవాల్చకుండా చూస్తాడు, తరువాత తలుపు తీసి పడకమీద ఇద్దరినీ చూస్తాడు. ఆ ఇంట్లో చూడటమంటే కాపలా కాయడం. అగ్నిపరీక్ష కూడా చూపులతో నడిచే వ్యవహారమే, లోకం చూడటం కోసమే కదా అది జరిగింది. ఎవరూ చూడనప్పుడు, తనకోసం తాను, ఎదురుగా లేనిదాన్ని చూడగలగడం రాధకు ఆ క్షణంలో దక్కింది. సినిమాలో నిప్పు పక్కన నీరు ఎప్పుడూ ఉందని కూడా గమనించండి. భర్త క్షేమం కోసం ఉత్తరాది భార్యలు ఉండే కర్వాచౌత్ ఉపవాసం నాడు భర్తలు పట్టించుకోకపోతే, దాహం తీర్చింది తోడికోడలు ఇచ్చిన నీళ్లే. అక్కడి గుక్కెడు నీళ్లనుంచి సముద్రం దాకా, సముద్రంనుంచి దర్గాలోని వాన దాకా ఒక దారి ఉంది.

చివరికి దర్గా. ఢిల్లీలో కలుసుకోవడానికి రైల్వేస్టేషన్లు, పార్కులు, హోటళ్లు ఎన్ని లేవు! ఆ దర్గాలో సమాధి ఉన్న సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా 1325లో కన్నుమూశారు. ఆయన ప్రియశిష్యుడు, కవి అమీర్ ఖుస్రో అదే ఏడాది పోయి, గురువు సమాధికి దగ్గర్లోనే ఒదిగాడు. ఖుస్రో పేరున ఈనాటికీ ఖవ్వాలులు పాడే పాటల్లో కవి తానొక నవవధువై, విరహిణియై, గురువును ప్రియుడిగా పిలుస్తాడు. ప్రేమకు ఆడా మగా గీతలు చెరిపేసుకుని మాట్లాడే అలవాటు ఉన్న చోటు అది. అన్ని మతాలవాళ్లూ మొక్కుకునే చోటు కూడా. కడప పెద్ద దర్గాకూ, నెల్లూరు రొట్టెల పండుగకూ వెళ్లివచ్చినవాళ్లకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. పుట్టిల్లు, అత్తిల్లు, గుడి మూడూ తమవి కావని తేలిన ఇద్దరు హిందూ స్త్రీలు ఇక్కడికి రావడంలో అర్థం తేటగానే ఉంది. అయితే దీన్ని స్వర్గంగా చూపించారని అనుకోలేను. ఆ దర్గాలో సమాధి ఉన్న గర్భభాగంలోకి స్త్రీలను రానివ్వరు. వాళ్లు బయటి ప్రాంగణంలో జాలీల దగ్గర కూర్చుని మొక్కుకుంటారు. అంటే అక్కడ కూడా వీళ్లకు దొరికింది వసారా. తలదాచుకోవడానికి సరిపోయేంత చోటు.

1998 డిసెంబరులో శివసైనికులు ముంబయిలో, ఢిల్లీలో థియేటర్ల మీద పడి అద్దాలు పగలగొట్టినప్పుడు, పాత్రలకు రాధ, సీత అన్న పేర్లకు బదులు ముస్లిం పేర్లు పెడితే అభ్యంతరం లేదన్న వాదన కూడా వాళ్ల వైపునుంచి పత్రికల్లోకి వచ్చింది. ఇంటినుంచి వెళ్లగొట్టిన స్త్రీలను ఎక్కడికి పంపాలో వాళ్లకూ తెలుసన్నమాట. రెండేళ్ల ముందే తీసిన సినిమా ఆ ఇద్దరినీ వాళ్ల పేర్లతోనే దర్గాకు చేర్చింది. ఎవరో పంపితే పోలేదు, వాళ్లే ఆ చోటు అనుకుని వెళ్లారు. సెన్సారుకు రెండోసారి వెళ్లిన సినిమా 1999 ఫిబ్రవరిలో కోతలు లేకుండా మళ్లీ విడుదలైంది.

దర్గా దృశ్యం రాధ చనిపోయాక కనే కల అని వాదించే మిత్రులున్నారు. మంట ఎలా ఆరిందన్నదాని మీద సినిమా ఎక్కువసేపు ఆగదు కనుక ఆ అనుమానానికి తావుంది. నేను ఒప్పుకోను. చావులో కలిసే జంటలు మన సినిమాల్లో కావలసినన్ని ఉన్నాయి, ఆ ముగింపు ఎవరినీ ఇబ్బంది పెట్టదు. చచ్చిపోయిన ప్రేమికులకు అందరూ కన్నీళ్లు పెడతారు. ఇక్కడ ఇబ్బంది పెట్టేదల్లా వాళ్లిద్దరూ తడిసిన బట్టలతో, బతికి, ఒకే చోట ఉండటం. థియేటర్లను పగలగొట్టినవాళ్లు కూడా అంతవరకు సరిగ్గానే అర్థం చేసుకున్నారు.

బతికి ఉన్నవాళ్లకు మరుసటి రోజు అంటూ ఒకటి ఉంటుంది. సినిమా దాన్ని చూపలేదు. 1996లో స్వలింగ సంబంధాలను నేరంగా చూసే 377 సెక్షను అమల్లో ఉంది. ఢిల్లీ హైకోర్టు 2009లో దాన్ని సడలించింది, 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది, 2018 సెప్టెంబరు 6న అదే న్యాయస్థానం ఇష్టపడి కలిసే పెద్దవాళ్ల విషయంలో అది చెల్లదంది, 2023 అక్టోబరులో పెళ్లి హక్కు ఇవ్వడానికి మాత్రం నిరాకరించింది. ఇవన్నీ తరువాతి మాటలు. ఆ వాన వెలిశాక రాధా సీతా చేయవలసిన మొదటి పని ఒక గది అద్దెకు వెతుక్కోవడం. ఇంటి యజమానురాలు మీరిద్దరూ ఏమవుతారమ్మా అని అడుగుతుంది. తోడికోడళ్లమని చెబితే అబద్ధం కాదు, పత్రాలు కూడా ఉన్నాయి. తెంచుకుని వచ్చిన ఆ రెండు పెళ్లిళ్లు ఇచ్చిన చుట్టరికమే వాళ్లకు గది సంపాదించి పెడుతుంది. ఇక మీరు అడగదలచుకున్నవి అడగండి.